టోకెన్ నంబరు నూట పద్నాలుగు

కోచ్ నాప్ వెళ్లిపోతోందట.
ఈ కబురు నాకు మోసుకొచ్చింది
కాలరు మీద సాసు మరకతో వచ్చిన పోస్టుమాన్ ఆర్లో.
"ఒహాయోలో పెద్ద యూనివర్సిటీ. ఇక్కడికి ఏడింతల జీతం"
అన్నాడు, ఆ డబ్బేదో తన జేబులోనే పడుతున్నట్టు.
నేను ఇస్త్రీ మిషను మూత దించాను.
ఆవిరి లేచింది.
మాట్లాడే పని తప్పింది.

ఆవిడ రాకముందు
విన్సెన్స్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ అంటే
హీటరు పనిచేసే చోట రెండు గంటలు కూర్చోవడం.
ముప్పై మందిమి ఉండేవాళ్లం.
సగం మంది తల్లిదండ్రులు,
ఒక ముసలాయన నిద్రకోసం.
నేను మా ఆయన పోయిన శీతాకాలం వెళ్లడం మొదలెట్టాను,
ఓటమి అలవాటైన చోట
ఎవరూ పనిగట్టుకుని ఓదార్చరని.

మొదటి రోజు ఆవిడ బంతే ముట్టుకోనివ్వలేదు.
మోకాళ్లు వంచి, పక్కకి, పక్కకి,
గంటన్నర సేపు పీతల్లా నడిపించింది పిల్లల్ని.
తలుపు సందులోంచి చూసి
ఈవిడకి తిక్క అనుకున్నాను.

నాలుగో ఏటికి
టికెట్ల కోసం మంచులో క్యూ కట్టాం.
నిద్రపోయే ఆయన సీటు ఎవరో కొట్టేశారు.
రెఫరీని నేను "నీ కళ్లల్లో కారం కొట్టా" అంటే
మూడో వరస మొత్తం, ముక్క అర్థం కాకపోయినా,
అవునవునని తలలూపేది.

ఆఖరి మ్యాచ్.
ఒక్క పాయింటు వెనక. ఆరు సెకన్లు.
టైమౌట్ తీసుకో, టైమౌట్, అని హాలంతా గొంతు చించుకుంటుంటే
ఆవిడ చేతులు కట్టుకుని
కుర్చీలో కూర్చుంది.
అంతే. కూర్చుంది.
బ్రియెల్ విసిరిన బంతి రింగు మీద
రెండు చుట్లు తిరిగి, ఆలోచించుకుని, పడింది.
నా చెప్పు ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

ఆ రాత్రి వేసుకున్న మెరూన్ కోటు
మర్నాడు నా కౌంటరు మీద పెట్టి వెళ్లింది.
ఎడమ చేతి అంచున ఎప్పుడూ ఉండే నల్ల మార్కరు మరక.
బోర్డు తుడవడానికి గుడ్డ వెతుక్కోదు, చెయ్యే గుడ్డ.
నాలుగేళ్లుగా ఆ మరకలు తీస్తూ
మా జట్టు ఎత్తుగడలన్నీ ముందు నాకే తెలిసినట్టు
మురిసిపోయేదాన్ని.

ఒక్క మాట చెప్పి పోకూడదూ!
అనుకుని, నాకు నేనే సిగ్గుపడ్డాను.
బట్టలుతికేదానికి చెప్పి వెళ్లాలా ఏమిటి?
మళ్లీ కోపమొచ్చింది.
జీతం ఏడింతలైతే నేనూ పోనా?
పోతాను. షట్టరు కూడా వెయ్యకుండా పోతాను.
అయినా కోపం తగ్గలేదు.

కోటు జేబులో
పిప్పరమెంటు కాగితం, విరిగిన పెన్సిలు,
మడత పెట్టిన చీటీ:
"బ్రియెల్: మోకాలు.
కెండ్రా: వాళ్ల నాన్నకి ఉద్యోగం పోయింది, మెల్లగా.
జోసీ: లెక్కల పరీక్ష."
అన్నిటికన్నా కింద,
"కోటు: గురువారం."
నేనూ ఆ జాబితాలో ఉన్నానని అనుకోవచ్చు,
అనుకోదలిస్తే.

తొంభై రోజులు దాటిన బట్టలకు షాపు పూచీ లేదు
అని గోడ మీద రాయించింది నేనే.
నూట పద్నాలుగుకి నూట ముప్పయ్యో రోజు.
ఉతికాను, మడతలు నిలిపాను.
మరక మాత్రం ఉంచేశాను.
తియ్యడం చేతకాక కాదు.

నిన్న కొత్త కోచ్ వచ్చాడు.
కుర్రాడు. బూడిదరంగు కోటు, భుజాల దగ్గర వదులు.
అద్దం ముందు నిలబెట్టి పిన్నులు పెడుతుంటే
ఊపిరి బిగబట్టాడు పాపం.
ముందు పిల్లల పాదాలు చూడు నాయనా
అని నోటిదాకా వచ్చింది.
నోట్లో పిన్నులున్నాయి.
అవి తీసి,
"గురువారానికి ఇస్తాను" అన్నాను.