ముప్పై తొమ్మిది

హాలిఫాక్స్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
పాత తివాచీల మిల్లు మూడో అంతస్తులో
హీటరుని కాళ్ల దగ్గరికి లాక్కుని
చావు కబుర్ల పేజీ సరిచేస్తున్నాను.

హారప్ అండ్ డాటర్, అంత్యక్రియల నిర్వాహకులు.
బోర్డు మీద ఆ అండ్ అనేది మాట కాదు, గుర్తు.
చుట్టబోయి సగంలో వదిలేసిన జంతిక.
దాన్ని ఉన్నదున్నట్టు వదిలితే
ఏదో రహస్యం మొదలైందనుకుంటుంది బ్రౌజరు,
సెమీకోలన్ వచ్చేదాకా చెవి రిక్కించి కూర్చుంటుంది.
అందుకని గుర్తుకి మారువేషం కట్టి
గుమ్మం దాటిస్తాం.
ఎస్కేప్ చేయడమంటారు మా పనిలో.
తప్పించుకోవడం కాదు,
తప్పించడం.

బెవర్లీ హారప్ ఫోను చేసింది.
తండ్రి పోయాక ఆ బోర్డులో మిగిలింది డాటరే.
"మోరా వచ్చి వెళ్లింది.
నివాళి ఫారంలో ఆయన పేరు
ఓ అని మాత్రమే ఉందట.
ఫెర్గస్ ఓ. అంతే."

ఫెర్గస్ ఓ'డ్రిస్కల్,
సిడాల్ రూటులో ముప్పై ఏళ్లు బస్సు తోలినవాడు.
ఒంటి కొటేషన్ల మధ్య ఆ పేరు పెట్టింది నేనే.
పేరులోని చిన్న కొక్కేన్ని చూసి
అయిపోయిందనుకుంది బ్రౌజరు.
డ్రిస్కల్ వంశం మొత్తాన్నీ
గడప అవతలే నిలబెట్టింది.

మా భాషలో ఓ అంటే
ఎవరో దూరం నుంచి పిలుస్తున్నారని.
ఆ పిలుపుకి పలికినా ఓ అనే అంటాం.
ఇదంతా బెవర్లీకి చెప్పలేదు.
సారీ అన్నాను.

ఆ రాత్రే కొక్కేనికి దాని పేరే తొడిగాను:
జంతిక గుర్తు, ఏ, పీ, ఓ, ఎస్, సెమీకోలన్.
నా దగ్గరున్న నాలుగు బ్రౌజర్లలోనూ
నిండుగా కనిపించాడు ఫెర్గస్.
ఇంటికెళ్లి చారన్నం తిని పడుకున్నాను.

మర్నాడు మళ్లీ ఫోను. ఈసారి నేనే వెళ్లాను.
లైబ్రరీలో, మెట్ల కింద, మూల కంప్యూటరు.
ఎనిమిదో వెర్షను బ్రౌజరు.
మార్చడానికి కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేవు.
పచ్చ ఉన్ని టోపీ తీయకుండానే
మోరా స్క్రీను మీద వేలు పెట్టి చూపించింది.
"మొన్న ఓ అన్నారు. ఇవాళ మధ్యలో ఈ ఏపోస్ ఎవరమ్మా?
అపొస్తలుడని రాయబోయి ఆగిపోయారా?
చర్చి మొహం చూసి ఇరవై ఏళ్లయింది ఆయన."

దాని తప్పేం లేదు.
అది పుట్టిన నాటి నిఘంటువులో ఆ మాట లేదు.
అందరికీ తెలిసిందే కదా అని
కొత్తవాళ్లు అనుకుంటారు.
నేనూ అనుకున్నాను.

ఆశ చావక పక్క ట్యాబులో
ఒక తెలుగు పేపరు తెరిచి చూశాను.
ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి ఊడి
పక్కన నిలబడి ఉన్నాయి,
పెళ్లి భోజనాల్లో విస్తరి దొరకనివాళ్లలా.
గబుక్కున మూసేశాను,
మోరా చూసినా ఏమీ తెలిసేది కాదు గానీ.

పేర్లు రానివాళ్లకి అంకెలొచ్చు.
ల్యాపుటాపు ఒళ్లో పెట్టుకుని
ఏపోస్ చెరిపేసి
జంతిక, నిచ్చెనలాంటి హాష్,
ముప్పై తొమ్మిది, సెమీకోలన్.
(ఆయన తోలిన బస్సు నంబరు అది కాదు. అడిగాను.
ఆయనకి నంబర్లు పట్టేవి కావట,
ఎక్కినవాళ్ల పేర్లు గుర్తుండేవట.)

రిఫ్రెష్ నొక్కమన్నాను.
అదెక్కడుందని అడిగింది.
చూపించాను.

ఓ'డ్రిస్కల్.

ఆమె ఏమీ అనలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని
ఒంటి వేలితో నివాళి టైపు చేయడం మొదలెట్టింది.
ఇంకొకరి మాటలు చదవకూడదు,
చదవలేదు.
కొక్కేలు మాత్రం లెక్కపెట్టాను.
మూడు.
పంపు అని నొక్కింది.
పేజీ తిరిగి రావడానికి ఆ మెషీనులో
చాలాసేపే పట్టింది.
మూడూ ఉన్నాయి.