తెడ్డుసాము

మూడో ఇస్కూలు మూసేసి కర్రీ పాయింటు పెట్టారు.
అక్కయ్యపాలెంలో, ఇరుకు మెట్ల మీద.
బోర్డు మాత్రం తీయలేదు:
ఎగిరి తంతున్న మనిషి కాలి కింద సుద్దముక్కతో
‘ఈరోజు గుత్తివంకాయ’.

అంతకు ముందు ఎమ్వీపీ కాలనీ అద్దాల గది.
రంగుకో రేటు. పసుపు బెల్టు పన్నెండొందలు.
గాజువాక మాస్టారైతే కళ్ళు మూసుకుని
‘ఇది హిమాలయాల్లో పుట్టింది తల్లీ’ అన్నాడు.
ఆయన కళ్ళు తెరిచేలోగా ఆటో ఎక్కేశాను.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.
పోర్టులో కంటైనర్ల లెక్క రాస్తాను.
ఏ పెట్టె ఎక్కడ ఎక్కింది, ఏ రేవులో ఆగింది,
సీలు ఎవరు విప్పారు,
అడగడమే నా ఉద్యోగం.
అందుకేనేమో, తన్నడం నేర్చుకునే ముందు
ఈ తన్ను ఎక్కడిదని అడగాలనిపిస్తుంది.

గేటు దగ్గర టీ కొట్టు సన్యాసమ్మ చెప్పింది:
‘ఫిషింగ్ హార్బరెనక మూతబడ్డ ఐసు ఫేక్టరీ.
తెడ్డు దానయ్యని అడుగు.
బోర్డుండదు. కంపుంటది.
కంపట్టుకుని ఎల్లిపో.’

వెళ్ళాను.
ఎండుచేపల పందిళ్ళు దాటి,
కాలి బొటనవేలికి వల తగిలించి కుట్టుకునే ముసలాళ్ళని దాటి.
లోపల తడి సిమెంటు, పదకొండు మంది.
చేపల తట్టలు మోసే ఆడవాళ్ళు నలుగురు, చీరలు పైకి దోపి.
వెల్డింగు కుర్రాళ్ళు.
బడి యూనిఫారం విప్పకుండానే వచ్చేసిన ఒక గుంట.
అద్దం లేదు.

దానయ్య ఎడమ చెవి
చల్లారిన గారెలా గట్టిపడిపోయింది.
‘దీని పేరేంటండీ?’
‘పేరేటి? సాము.’
‘మూలం?’
చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు, మంచి చెవిలో.

‘మా తాత ఇజీనారంలో కర్రసాము నేర్సినాడు.
ఇక్కడికొచ్చినాక కర్రెవడిస్తాడు? తెడ్డట్టుకున్నాడు.
చినతాత రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీ.
బాంబులడ్డ ఏడు అడివిలోంచి నడిసొచ్చీసాడు.
మూట దారిలోనే పోనాది.
అక్కడోళ్ళ దెబ్బలు మోసేతుల్లో, మోకాళ్ళలో
దాసుకొచ్చాడు.’

మరి ఆ ఎత్తి పడేయడం?

‘నేవీ వంటోడొకడు, మణిపూరోడు.
మా అమ్మకి సేపల బాకీ తొంబై రూపాయిలు.
డబ్బుల్లేక రోజుకో పట్టు సెప్పి తీర్సినాడు.
ఇంకా పన్నెండు రూపాయిలు రావాల.’

మూడు రేవుల సరుకు ఒకే పెట్టెలో కుక్కితే
మా ఆఫీసులో సీలు వెయ్యరు.
ఆ మాటే అన్నాను.
‘ఇందులో మీదేది మరి?’

జవాబు చెప్పలేదు.
పాత తెప్ప దుంగొకటి దొర్లించుకొచ్చి
‘ఎక్కు’ అన్నాడు.

పడ్డాను.
మళ్ళీ పడ్డాను. తట్టలమ్మ ఒకావిడ
తెడ్డు కొసతో నా పిక్క మీద తట్టి ‘బిగించీకు’ అంది.
‘నీటి మీద నించున్నోడికి
మోకాలు దానంతటదే వొంగుద్ది.
అదొక్కటే మాది. మిగతాదంతా
వొచ్చినోళ్ళు వొదిలెల్లిందే.’

ఐదోసారి నా మోకాలు వొంగింది.
నేను చెప్పలేదు దానికి.
దుంగ అటు పోతే నేనిటు, అది ఇటొస్తే నేనటు.
ఎంతసేపో. గుంట నోట్లో వేలేసుకుని చూసింది.

‘ఇదెక్కడ నేర్సినావు?’
అడిగేది ఆయనైంది, వెతుక్కునేది నేను.
ఇరవయ్యేళ్ళు, కాన్వెంట్ జంక్షన్ మలుపులో,
కడ్డీ అందని చోట, టిఫిన్ డబ్బా ఒక చేత,
వెనకనించి తగిలే చేతుల్ని ఒక మోచేత్తో…
‘సింధియా బస్సులోనండీ.’
‘ఐతే అదీ కలుపుదాం’ అన్నాడు, నవ్వకుండానే.

ఫీజు అడిగాను.
‘ఆదోరం బేగి రా. నేల కడగాల.’

తిరుగు బస్సులో
నా ఒంటి కంపుకి పక్కావిడ ముక్కు మూసుకుని లేచిపోయింది.
రెండు సీట్లు ఖాళీ.
కూర్చోలేదు.