నేల మచ్చ

మా మేనత్త బీబీజాన్ లారీ ఎక్కదు.
టైరు పక్కన నిలబడి అక్కడినుంచే తిడుతుంది:
"తొడిమ పట్టుకుని ఎత్తుతావేంరా ఎగంబెర్దీ,
అదేమన్నా పిల్లికూనా?"

ఖోరెజ్మ్‌లో ఇంకా తెల్లారలేదు.
రాత్రి చలి పండులో ఉండగానే ఎక్కించాలట.
ఎండెక్కాక ఎక్కిస్తే
దారంతా ఎండని మొయ్యాలి,
అది కిరాయివ్వదు.

అడుగున మూరెడు గడ్డి.
ఒక వరస ఖర్బూజాలు, మళ్ళీ గడ్డి, ఇంకో వరస.
నాలుగో వరసకి చెయ్యి అడ్డం పెట్టింది.
"చాలు. కిందవాటికి నోరు లేదు."

ప్రతి పండుకీ ఒక పాలిపోయిన మచ్చ,
పాదులో నేలని ఆనుకుని పెరిగిన చోటు.
ఆ మచ్చ కిందికే ఉండాలి.
"ఊరు దాటామని దానికి తెలియనివ్వకు."
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
ఏడువందల పండ్లు
ఒక్కొక్కటీ తిప్పించి చూసింది.

చివర్లో, తలుపు గొళ్ళెం పడ్డాక:
"ఆపిల్ సంచి ఎవరిచ్చినా ఎక్కించకు.
వాటి ఊపిరి తగిలితే
ఇవి ముసలివైపోతాయి."

ఉస్త్‌యుర్త్ మీద చెట్టు లేదు.
గుంతలున్నాయి.
ఒక్కో గుంతకి నా పళ్ళు నేనే కొరుక్కున్నాను.

సరిహద్దు దగ్గర రెండు రాత్రులు.
నా ముందు నూట పన్నెండు లారీలు.
పక్కన సర్సెన్‌బాయ్‌ది ఉల్లిపాయల లోడు,
హాయిగా గుర్రుపెడుతున్నాడు.

రెండో రాత్రి టార్పాలిన్ ఎత్తితే
గుప్పున తియ్యటి వాసన.
ఎవరో నోరు జారారు.
ఫోను వెలుతుర్లో గడ్డిలోకి చెయ్యి పోనిచ్చి
ఒక్కొక్క తొడిమ దగ్గరా బొటనవేలితో అడిగాను.
మూడో వరస, మూల.
మెత్తగా ఒప్పుకుంది.

ఉంచితే తెల్లారేసరికి పక్కదానికి చెప్పేస్తుంది.
బానెట్ మీదే కోశాను.
తొమ్మిదిమంది డ్రైవర్లు, ఒక సరిహద్దు జవాను.
జవాను మీసం తుడుచుకుని
"ఇలాంటిది తినలేదు" అన్నాడు.
లైను మాత్రం కదలలేదు.

అక్తోబె మార్కెట్లో జనార్ గారు
ఒక పండుని చెవి దగ్గర పెట్టుకుని
వేలి కణుపుతో కొట్టి విన్నది.
"కోసి ఎన్నాళ్ళయింది?"
"ఆరు రోజులండీ."
"నిన్ననే అనుకుంటోందే ఇది!"

లెక్క ముట్టింది. లారీ ఖాళీ.
డ్రైవర్ల గదిలో ఇనుప మంచం,
కిటికీ అవతల ఎవరిదో రైలు.
అటు తిరిగాను. ఇటు తిరిగాను.
బోర్లా పడుకుని చూశాను.

నా మచ్చ ఏ పక్కనుందో
అత్తని అడగడం మర్చిపోయాను.