మాదీ లంకే

భీమవరంలో స్పాట్ వాల్యుయేషన్. ఏప్రిల్.
హాల్లో ఫ్యాన్లు వేడిని ఒక బెంచీ మీంచి
ఇంకో బెంచీ మీదకి మోస్తున్నాయి.
రోజుకి నలభై పేపర్లు. ఇది ఇరవై ఏడోది.
పేరు లేదు, ఊరు లేదు, బార్‌కోడు చీటీ ఒక్కటే.
"ళ" రాసినప్పుడల్లా తోక పక్క అక్షరాన్ని తన్నుతోంది.
ఆ పిల్లకి (పిల్లే అనుకుంటున్నాను) తొందరెక్కువ.

బిల్లు చట్టంగా మారే దశలు రాయమంటే
ఇలా రాసింది:

"నీళ్ళు ధవళేశ్వరంలో వదులుతారు.
పేపర్లో ఫొటో పడుతుంది. అది మొదటి దశ.
తర్వాత పెద్ద కాలవ, పిల్ల కాలవ, తూము, బోదె.
ప్రతి తూము దగ్గరా ఒకాయన కూర్చుని ఉంటాడు.
మాది శివారు పొలం.
మా నాన్న అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్ళి
కాళ్ళకి బురదతో వస్తాడు.
రూలు ప్రకారం మాకూ వంతుంది."

మూడు పఠనాలు లేవు. రాష్ట్రపతి సంతకం లేదు.
నా మోచేతి కింద కీ పేపరు రెపరెపలాడింది.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, ఒక మార్కు.
1947 అని రాసి, కింద గీత గీసి,
మార్జిన్లో సన్నగా: "ఏ ఒడ్డున?
మా ముత్తమ్మమ్మ ఫిలోమినమ్మది యానాం.
యాభై ఒకటిలో పెళ్ళయి, గౌతమి దాటి
ఎదుర్లంకలో పడవ దిగింది.
పెట్టెలో సెంటు బుడ్డికి సుంకం కట్టమన్నారట.
స్వతంత్ర దేశంలో తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆ జవానే.
తమ్ముడు అవతలి గట్టు మీద చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.
వాడికి ఇంకో మూడేళ్ళు పట్టింది."

మార్కు వేశాను. ఒక్క మార్కు గురించి ఎవరూ అడగరు.

ఇక నాలుగు మార్కులది.
శ్రీలంకలో జాతుల మధ్య ఘర్షణకు కారణాలు తెల్పండి.

"శ్రీలంక చదివాను గానీ మర్చిపోయాను.
మాదీ లంకే. దాని గురించి రాస్తాను.
ఒక రోజు అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది.
అది మా ఊరిది కాదు.
అందులో వాళ్ళు మాట్లాడేది తెలుగు కూడా కాదు.
మర్నాటి నుంచి కాలేషా మామ పంటు ఎవరూ ఎక్కలేదు.
ఎవరూ ఎక్కొద్దని చెప్పలేదు.
మైలున్నర నడిచి పై రేవుకి వెళ్ళేవాళ్ళం.
మామ రోజూ ఇంజను వేసి, కాసేపు ఉంచి, ఆపేసేవాడు.
తొమ్మిది రోజులు.
పదో రోజు కొబ్బరికాయల లోడు ఎక్కింది,
ఎందుకంటే లారీ అవతల ఆగి ఉంది.
కాయలు ఎక్కాక మేకలు ఎక్కాయి.
మనుషులు ఆఖర్న ఎక్కారు.
మామ నా దగ్గర డబ్బులు తీసుకోలేదు.
ఎందుకో నాకు తెలియదు. అదే కారణం అయి ఉండొచ్చు."

భాష లేదు. పౌరసత్వం లేదు. అధిక సంఖ్యాక వాదం లేదు.
కీలో ఉన్న నాలుగు పాయింట్లలో
ఒక్కటీ లేదు.

మా వీధిలో పంటు లేదు.
ఖాదర్ వలీ కుట్టుమిషను ఉంది.
ఆ వీడియో నాకూ వచ్చింది.
జాకెట్టు గుడ్డ రెండు వారాలు సంచీలోనే ఉండిపోయింది.
స్కూల్లో పని ఎక్కువగా ఉందనుకున్నాను.
సోషల్ చెబుతాను నేను, పందొమ్మిదేళ్ళ నుంచీ.
ఆ రెండు వారాల్లోనే
ప్రవేశికని పిల్లలందరి చేతా బట్టీ పట్టించాను.

ఎర్ర పెన్నుతో మూడు వేశాను.
చీఫ్ గారు అటుగా వచ్చి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.
"పాయింట్లున్నాయా మేడమ్?"
"లేవండీ."
"మరి?"

టీ వచ్చింది. ఆయన గ్లాసు అందుకుని
పక్క బెంచీకి వెళ్ళిపోయారు.

మూడు అలాగే ఉంది.
నాలుగు ఎందుకు వెయ్యలేదో
ఇరవై ఎనిమిదో పేపరు తెరిచాక కూడా
తేల్చుకోలేకపోయాను.