గౌరవ కాన్సులేటు, మిర్చియార్డు రోడ్డు

మెట్ల కింద తేజా బస్తాలు,
మెట్ల పైన ఒక దేశం.
మధ్యలో నేను, టైపిస్టుని, అటెండరుని,
అప్పుడప్పుడూ విదేశాంగ శాఖని.

గౌరవ కాన్సులు యడ్లవల్లి పూర్ణానందం గారు
కోల్డ్ స్టోరేజీ లెక్కలు ముగించుకుని
సాయంత్రం నాలుగున్నరకి పైకొస్తారు.
గోడమీది పటంలో మా దేశాన్ని
ఆయన చిటికెనవేలి గోరు మూసేస్తుంది.
"మా దేశం" అనడం ఎప్పుడు మొదలుపెట్టానో తెలీదు.
ఎన్నడూ చూడలేదు. మంచు పడుతుందట.
అక్కడి జనమంతా ఒక్కసారే దిగినా
గుంటూరులో సర్దుకోవచ్చు, కాస్త ఇరుక్కుని.

డిసెంబరులో అక్కణ్ణించి ఉత్తరం:
ఈ ఏడాది మీరు నెరపిన దౌత్యాన్ని
రెండు పేజీలు మించకుండా రాసి పంపండి.

జెండా నాలుగుసార్లు ఉతికించాం, రాశాను.
వీసా కోసం వచ్చిన వాళ్ళకి
వీసా ఇక్కడ ఇవ్వరని మర్యాదగా చెప్పాం, రాశాను.
మార్చిలో మన కాయల్లో బూజు విషం ఉందని
వాళ్ళ రేవులో ఒక కంటైనరు ఆపేశారు.
సరుకు పూర్ణానందం గారి తోడల్లుడిది.
దేశం తరఫున యార్డుకి రాయాలో
యార్డు తరఫున దేశానికి రాయాలో తేలక
ఆయన రెండూ రాశారు. సంతకం ఒకటే.
జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది.

అక్టోబరులో ఏదో యుద్ధం మీద పెద్ద సభలో ఓటింగు.
మా దేశం ఔననలేదు, కాదనలేదు.
టీ తెచ్చిన నాగుల్‌మీరా అడిగాడు,
"అంటే భయమా, కస్తూరక్కా?"
నేను పేపరు మడిచాను.
పూర్ణానందం గారు భుజంమీది తువ్వాలు తీసి
వాడి చేతిమీద కప్పి, కింద రెండు వేళ్ళు నొక్కారు.
"ఇదివరకు యార్డులో ధర ఇలాగే చెప్పేవాళ్ళం.
చుట్టూ పెద్ద పార్టీలు నిలబడ్డప్పుడు
చిన్న రైతు నోరు తెరవకూడదురా."
వాడు తువ్వాలు ఎత్తి చూశాడు.
వేళ్ళు తప్ప ఏమీ లేవు.

జులై సంగతి రాయాలో వద్దో తెలీలేదు.
అమరావతి రాళ్ళు చూడ్డానికొచ్చిన మా దేశపు పెద్దావిడ,
బళ్ళో బొమ్మలేయడం నేర్పేదట,
పెద్దాసుపత్రిలో మూడోరోజు పోయింది.
ఢిల్లీలో రాయబారి గారు సెలవు.
జులైలో ఆ దేశమంతా సెలవే.
పాస్‌పోర్టు, పంచనామా, జింకు పెట్టె,
వీటన్నిటికీ ఫారాలున్నాయి.
రాత్రి పదకొండింటికి ఆమె తమ్ముడు చేసిన ఫోనుకి
ఫారం లేదు.
అతనికి ఇంగ్లీషు రాదు. నాకు వాళ్ళది రాదు.
అతను చెప్పుకుంటూ పోయాడు.
మార్చురీ ముందు సిమెంటు బల్లమీద కూచుని
నేను ఊఁ కొట్టాను.
ఊఁ.
ఒకచోట నవ్వాడు, చిన్నప్పటిదేదో అయ్యుంటుంది.
ఊఁ.
ఇటు కుక్క మొరిగితే ఆగి ఏదో అడిగాడు,
కుక్క గురించే.
ఊఁ, అన్నాను, ఇక్కడా ఉంటాయి.

"ద్వైపాక్షిక చర్చలు" అన్న గడిలో టైపు చేశాను:
ఒకటి. నలభై నిమిషాలు. అంగీకారం కుదిరింది.
పూర్ణానందం గారు కళ్ళజోడు పైకి తోసుకుని
ఆ లైను దగ్గర కాసేపు ఆగి
ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు.

ఫిబ్రవరిలో అచ్చు పుస్తకం వచ్చింది.
నున్నటి కాగితం, మంచు కొండ అట్ట.
మూడొందల పేజీల విదేశాంగ విధానంలో
మాకు ఒకటిన్నర లైను.
కంటైనరు ఉంది. చర్చలు లేవు.
ఊరి పేరు గుంటర్ అని పడింది.
పోయిన దీర్ఘాన్ని బాల్‌పెన్నుతో పెట్టి
పుస్తకాన్ని బీరువాలో దాచాను.

కింద బస్తాలు దించుతున్నారు, ఒకటే తుమ్ములు.
జెండా మళ్ళీ ఎర్రబడింది.
మా దేశపు జెండాలో
ఎరుపు లేదు.