చెవితమ్మెలు

శుక్రవారం బోర్డు మీద రాశాను:
ఇంట్లోవాళ్ల చెవులు చూడండి,
తమ్మె వేలాడుతోందా, బుగ్గకి అంటుకుపోయిందా,
పట్టికలో టిక్కు పెట్టండి.
లికోమా దీవిలో ఏడో తరగతి,
నలభై ఒక్కమంది, పదకొండు బల్లలు.
చెవులకి డబ్బులక్కర్లేదు కదా అనుకున్నాను.

సోమవారం నలభై పట్టికలొచ్చాయి.
లింబికాని వాళ్ల మేకది కూడా రాసుకొచ్చాడు.
మసోజీ కాగితంలో మాత్రం
అవ్వ పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
రబ్బరు రుద్దినచోట చిల్లు.

"మా అవ్వవి వేలాడతాయి మేడమ్. నావి అంటుకున్నాయి.
ఆవిడ నీకేమీ కాదంటున్నాడు లింబికాని."

మసోజీ అంటే కన్నీళ్లు.
తల్లి పోయిన రోజున ఎవరో పెట్టిన పేరు.

రేకుల కప్పు మీద కాకి నడిచే చప్పుడు.
చెవితమ్మె ఒక్క జన్యువు మాట వినేది కాదు,
చాలా జన్యువులు కూడబలుక్కుని చేసే పని.
ఇది నాకు ఇవాళ తెలిసింది కాదు,
శుక్రవారమే తెలుసు.
పుస్తకంలో ఉంది కదా అని రాసేశాను.

సుద్దముక్క కింద పెట్టి,
పదండి సరస్సుకి, అన్నాను.

నేను అవతలి ఒడ్డు మనిషిని, మోకాలి లోతు దాటను.
పిల్లలు మునిగి, లేచి, అరిచి చెప్పారు:
ఈ బండ దగ్గర నీలం చారలు మేడమ్,
ఆ బండ దగ్గర పసుపువి!
మధ్యలో ఉన్నది ఉత్త ఇసుక.
వేలెడు చేపకి ఆ ఇసుకే సముద్రం, అన్నాను.
దాటడానికి జంకినవి ఉన్నచోటే జతకట్టాయి,
ఆడచేప కంటికి ఆనిన రంగు
పిల్లల్లోకి, వాటి పిల్లల్లోకి పాకింది,
ఆనని రంగు మెల్లగా మాసిపోయింది.

"ఆ రంగులెవరు వేశారు?"
ఎవరూ కూర్చుని వెయ్యలేదు.
"ఆదివారం బళ్లో వేరేగా చెప్పారే?"
అక్కడ అది విను. ఇక్కడ చేపని చూడు.

పళ్లు చూస్తే తిండి తెలిసిపోతుందన్నాడు లింబికాని,
రాయి గీకేదేదో, ఇసుక చప్పరించేదేదో.
మేనమామ నేర్పాడట, పడవలో.
నా పుస్తకంలో దానికి మూడు పేజీలు.
ఆ ఊపులోనే అన్నాడు:
"కంపాంగో గూట్లో వేరే చేప పిల్లలుంటాయి మేడమ్,
మీసాల్లేనివి. వాటినీ అదే కాస్తుంది."

అనేసి నాలిక్కరుచుకున్నాడు.
ఎవరూ మసోజీ వైపు చూడలేదు,
చూడకుండా ఉండడానికి అందరూ నీళ్లలోకి చూశారు.

"ఎందుకు కాస్తుంది?" మసోజీయే అడిగింది.

ఒకచోట చదివాను:
పరాయి పిల్లలు గుంపు అంచుకి చేరతాయట,
తినడానికొచ్చిన చేపకి ముందు అవే దొరుకుతాయట.
గొంతు దాకా వచ్చింది.
ఇవాళ్టికి పాఠం అయిపోయిందన్నాను.
బడి దాకా నడుస్తూ నన్ను నేనే అడుగుతున్నాను,
శుక్రవారం తెలిసీ చెప్పనిది ఒకటి,
సోమవారం తెలిసీ చెప్పనిది ఇంకొకటి.

గురువారం పొద్దున్నే వచ్చింది అవ్వ,
చంకలో ఎండుచేపల బుట్ట.
"ఏం నేర్పుతున్నావమ్మా?
మూడు రాత్రులుగా ఇది నా చెవులు పట్టుకుని పడుకుంటోంది."

చూశాను.
రెండు తమ్మెలూ భుజాల మీదికి జారుతున్నాయి,
ఒక్కోదానికి వేలు పట్టేంత రంధ్రం.
ఇత్తడి కమ్మల బరువుకట, నలభై ఏళ్లు వేలాడదీస్తే సాగాయట.

పుట్టినప్పుడెలా ఉండేవవ్వా, అని అడిగాను.

"ఎవరు చూశారు?" అంది,
బుట్ట దించి, నాకు రెండు చేపలు తీసిచ్చి.