చిల్లర బాకీ

పచ్చి గిలిగిచ్చకాయను చెవి కాడ పెట్టి ఊపకు.
అదేం చెప్పదు.
కడుపు నిండినోని లెక్క గమ్మునుంటది.
మార్గశిరం దాక ఆగాలె.
తొక్క నల్లబడి, లోపలి గింజ తొడిమ ఊడి
తన ఇంట్ల తానే కిరాయికున్నట్టయినంక
అప్పుడు మోగుతది.

దేవరకొండ డిపోల ఇరవై ఆరేండ్లు టికెట్లు కొట్టిన.
డీజిలు వాసన, మిరప బస్తాలు,
తొక్కుడుకు కమిలిన బొటనవేలు.
తోలుసంచి ఊపి చిల్లరెంతుందో చెప్పేదాన్ని.
రూపాయి మోత వేరు, ఆటాన మోత వేరు.

ఒకనాడు మల్లేపల్లి దాటినంక
అద్దాల పైట అవ్వ ఇరవై నోటిచ్చింది.
టికెట్టు పద్దెనిమిది.
నా కాడ రెండు రూపాయలు లేకుండె.
టికెట్టెనుక రెండని రాసి, కింద గీత గీసి,
"దిగేటప్పుడు అడుగు అవ్వా" అన్న.
అడగలే.
పక్క సీటామె "కేస్లీ, పా పా" అంటే
గాబరగ దిగిపోయింది,
సీటు మీద ఒక ఎండు కొమ్మ మరిచి.
బస్సు గుంతల పడ్డప్పుడల్ల
నా సంచి కన్న అదే ఎక్కువ మోగె.
"ఏంది మేడం, చిల్లర దొరికినట్టుంది!"
అని డ్రైవర్ సత్తార్ నవ్వె.

మళ్ళ ఎక్కలే ఆ అవ్వ.
తండాకు పోయి అడిగిన.
"ఏ కేస్లీ? ముగ్గురున్నరు మాకు" అన్నరు.
ముగ్గురూ కూలికి పోయిన్రు ఆ పూట.

గింజ మొండిది.
మొదటేడు వేసింది వేసినట్టె పడుండె.
రెండోయేడు వేడినీళ్ళల్ల రాత్రంత నానబెట్టి
మిరుగు నాడు గోడ పొంటి చెలక మట్టిల గుచ్చిన.
పెంట ఎక్కువైతే ఆకులకే ఎగబడి పూత మరుస్తది.
మేకలు వాసన చూసి మూతి తిప్పుకుంటయి,
గొంగళి పురుగులు మాత్రం సుట్టాల లెక్క దిగుతయి.
ఏరాలె, పొద్దుగాల్నే, చీపురుపుల్లతోని.
పువ్వంటవా,
కొమ్మను ముక్కుతోని పట్టుకొని ఏలాడే
పసుపు పిట్ట.

ఎండకాలం మోకాలెత్తుకు కోస్త.
చచ్చిందంటరు చూసినోళ్ళు.
తొలకరికి అదే మోడుకు మళ్ళ చిగురు.
తొమ్మిదేండ్లాయె.

సంచి డిపోల అప్పజెప్పొచ్చిన.
ఇప్పుడు ఆడోళ్ళకు జీరో టికెట్టు.
కేస్లీ ఎక్కినా
నేను బాకీ పడే పనే లేదు.

మొన్న పెండ్లి స్టేజీలు కట్టే పోరడు,
పూలగుత్తులల్ల పెడ్తడట ఈ ఎండుకాయలు,
కట్టకు అరవై ఇస్తనన్నడు.
ఫోన్ నంబరు చెప్పమన్నడు.
వద్దు, బిళ్ళలు తేపో అన్న.
ఎర్రిదాన్ని చూసినట్టు చూసిండు గని
కిరాణం కాడికెళ్ళి తెచ్చిండు.

అండ్లకెళ్ళి రెండు రూపాయల బిళ్ళలు మూడు
కొంగుల ముడేసిన.
ఏ కేస్లీదో నాకెందుకు.
ఐతారం నాడు బస్సెక్కుత.
గుప్పెడు కాయలు గూడ పట్టుకపోవాలె,
ఒక్కొక్కటి చెవి కాడ ఊపి చూస్తున్న.
ఈ రెండు ఇంక పలుకుతలేవు.
ఎండల పెట్టిన.